తగిలిందా, తాకాడా?

సాయంత్రం ఆరు దాటాక హైదరాబాద్ కోఠి బస్టాపులో పది నిమిషాలు నిలబడి చూస్తే చాలు, ఆడపిల్లలు బస్సెక్కే పద్ధతి ఒకటి కనిపిస్తుంది. వీపు మీది బ్యాగు తీసి ముందుకు వేసుకుంటారు. లంచ్ బాక్సో ఫైలో ఛాతీకి అడ్డంగా పట్టుకుంటారు. మోచేతులు కాస్త బయటికి పెట్టి, చున్నీ ఒకసారి బిగించి, అప్పుడు ఫుట్‌బోర్డు మీద కాలు పెడతారు. దీన్ని ఏ స్కూల్లోనూ చెప్పరు, అయినా ఇంటర్ ఫస్టియర్ చదివే పిల్లకి కూడా వచ్చు, ఎందుకంటే అక్క చెబుతుంది, సీనియర్ చెబుతుంది, ఎవరూ చెప్పకపోతే మొదటి వారం ప్రయాణమే నేర్పేస్తుంది. వాళ్ల అమ్మల కాలంలో పిన్నీసు ఉండేది, పైటకి పెట్టుకున్నది తీసి వేళ్ల మధ్య పట్టుకుని నిలబడేవాళ్లు. అదే గుంపులో మగవాళ్లు తడిమి చూసుకునేవి పర్సు, ఫోను.

ఇప్పుడు ఆ బస్సులో ఒక అమ్మాయి ఒంటికి ఎవరి చెయ్యో ఆనింది, ఆమె వెనక్కి తిరిగి గట్టిగా అడిగింది అనుకోండి. జవాబు దాదాపు ప్రతిసారీ ఒకటే ఉంటుంది: "రష్ ఉంది కదా, తగిలింది." ఈ ఒక్క మాట దగ్గర కాసేపు ఆగాలి. తెలుగులో రాయి తగులుతుంది, గోడ తగులుతుంది, ఎండ తగులుతుంది. చేసినవాడు అక్కర్లేని మాట అది. తాకాడు అంటే మాత్రం ఒక మనిషి కావాలి, అతనికి ఒక చెయ్యి, ఆ చెయ్యి వెనక ఒక ఉద్దేశం కావాలి. ఆమె తాకాడంటుంది, అతను తగిలిందంటాడు, బస్సులో మిగతా యాభై మంది ఇద్దరిలో ఎవరిది నిజమో తేల్చుకునేలోపు స్టాప్ వచ్చేస్తుంది, అతను దిగిపోతాడు.

వేధించేవాడికి ఇది మనందరికంటే బాగా తెలుసు. అందుకే అతను చేసే పని ఎప్పుడూ 'తగిలింది' అని చెప్పుకోవడానికి వీలైనంత చిన్నదిగా ఉంటుంది. బ్రేక్ పడిన క్షణాన్ని వాడుకుంటాడు, జనం దిగే తొక్కిసలాటను వాడుకుంటాడు, చెయ్యి ఎంతసేపు ఉంటే అనుమానం వస్తుందో అంతకు ఒక్క సెకను ముందు తీసేస్తాడు. వయసు పోరు, ఆపుకోలేకపోయాడు అనే మాట చాలామంది పెద్దవాళ్లు ఇంకా అంటుంటారు, కానీ ఆపుకోలేనివాడు ఇన్ని లెక్కలు వెయ్యడు. పక్కన వాళ్లాయన ఉన్న ఆడమనిషి జోలికి వెళ్లకుండా, ఒంటరిగా నిలబడ్డ పదహారేళ్ల పిల్ల వెనకే ఎందుకు చేరతాడు? ఇది అదుపు తప్పడం కాదు, ఎంచుకుని చేస్తున్న పని.

ఆమె వైపు నుంచి చూస్తే మొదటి అనుమానం అతని మీద కాదు, తన మీదే. నిజంగా తాకాడా, నాకే అనిపించిందా? దాంతో చిన్న పరీక్ష పెడుతుంది. ఒక అడుగు పక్కకి జరుగుతుంది. అతనూ జరిగితే అప్పుడు ఖాయం. ఈ పరీక్షకే రెండు స్టాపులు గడిచిపోతాయి. తర్వాత ఇంట్లోనో స్టేషన్లోనో "అప్పుడే ఎందుకు అరవలేదు?" అని అడుగుతారు. అప్పుడే అరిస్తే "ఏమైందని అంత గొడవ?" అని అడిగేవాళ్లు కూడా ఇదే మనుషులు.

హైదరాబాద్‌లో షీ టీమ్స్, అంటే ఆడవాళ్ల మీద వేధింపుల్ని అడ్డుకునే పోలీసు బృందాలు, ఎందుకు కొంతవరకైనా పనిచేశాయో దీన్ని బట్టే అర్థం చేసుకోవచ్చు. 2013 అక్టోబరులో ఐటీ కారిడార్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని కారులో అపహరించి అత్యాచారం చేసిన ఘటన ఈ నగరాన్ని కుదిపేసింది. తర్వాత తెలంగాణ ఏర్పడిన కొత్తలో మహిళల భద్రత మీద ఐఏఎస్ అధికారి పూనం మాలకొండయ్య అధ్యక్షతన ఒక కమిటీ వేశారు, 2014 అక్టోబరు 24న షీ టీమ్స్ మొదలయ్యాయి. యూనిఫాం లేకుండా చిన్న చిన్న బృందాలుగా బస్టాపుల్లో, కాలేజీల దగ్గర, జాతరల్లో నిలబడటం, కనిపించింది వీడియో తీయడం, అప్పుడు పట్టుకోవడం. చెప్పుకుంటే మామూలుగా ఉంది కానీ ఇందులో ఒక కీలకమైన విషయం ఉంది. బస్సెక్కబోతున్న అమ్మాయికి అతను ఒక్కసారే తగిలాడు. దూరంగా నిలబడి గమనిస్తున్న బృందానికి మాత్రం అతను అరగంటలో ఐదుగురికి తగిలినట్టు కనిపిస్తుంది. బస్సు ఎక్కడు, ఎక్కబోయే ఆడవాళ్ల గుంపులోకి దూరతాడు, బస్సు కదిలాక వెనక్కి వచ్చి ఇంకో బస్సు కోసం ఎదురుచూస్తాడు. ఒక్కసారి తగలడం ప్రమాదం కావచ్చు. ఐదోసారి ఆ మాట చెల్లదు.

ఏటా నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో, ఖైరతాబాద్ గణేశుడి దగ్గర క్యూలైన్లలో, బోనాల రద్దీలో మఫ్టీ పోలీసులకు వందల మంది దొరికారన్న వార్త వస్తూనే ఉంటుంది. అందులో బాధపెట్టే సంగతి, దొరికినవాళ్లలో పెళ్లయి పిల్లలున్న మనుషులు కూడా ఉండటం. కుర్రతనం అనే సాకు అక్కడే పోతుంది.

పట్టుకున్నాక ఏమవుతుంది అంటే, చాలా వాటిలో సిటీ పోలీస్ చట్టం కింద పెట్టీ కేసు, కోర్టులో జరిమానా లేదా కొద్ది రోజుల జైలు, మైనర్లయితే తల్లిదండ్రుల ఎదుట కౌన్సెలింగ్. తీవ్రమైనవైతే క్రిమినల్ కేసు. "కౌన్సెలింగ్ ఇచ్చి వదిలేస్తే ఏం లాభం?" అనే విమర్శ ఉంది, అందులో న్యాయం కూడా ఉంది. కానీ ఆ గదిలో జరిగే ఒక పని మాత్రం తీసిపారేసేది కాదు. తల్లి పక్కన కూర్చుని ఉండగా ఆ వీడియో చూపిస్తారు. ఎవరికీ కనిపించదనుకుని చేసిన పనిని తన కళ్లతో, ఇంట్లోవాళ్ల కళ్లతో చూడాల్సి వస్తుంది. అయితే ఇదంతా జనం పోగయ్యే చోట్ల సంగతి. ఎస్సార్ నగర్‌లో హాస్టల్ గేటు పది గంటలకు మూసేస్తారని పరుగెత్తే అమ్మాయి వెనక, వీధి దీపం వెలగని సందులో, బైక్ స్లో చేసేవాడి కోసం ఏ బృందమూ కాపు కాయదు.

చట్టం లేకపోవడం వల్ల ఇది జరగడం లేదు. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే మాట, సైగ నేరమని 1860 నాటి శిక్షాస్మృతిలోనే 509వ సెక్షన్ ఉండేది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత 2013లో చట్టాన్ని సవరించి లైంగిక వేధింపునీ, వెంటపడటాన్నీ విడిగా నేరాలుగా చేర్చారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవే 74 నుంచి 79 వరకు ఉన్న సెక్షన్లలో కనిపిస్తాయి. 75 ప్రకారం లైంగిక ఉద్దేశంతో తాకితే మూడేళ్ల వరకు, అశ్లీలమైన కామెంట్ చేస్తే ఏడాది వరకు జైలు పడవచ్చు. 78 వెంటపడటం గురించి, మొదటిసారికి మూడేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకు. ఏ స్టేషన్‌కి వెళ్లినా, అది వాళ్ల పరిధిలోకి రాకపోయినా, జీరో ఎఫ్ఐఆర్ రాసుకోవాలి. కాగితం మీద ఇంత ఉంది. ఇన్ని ఉన్నా రోడ్డు మీద మాటలు మాత్రం వేరే ఉన్నాయి, అసలు చిక్కు అక్కడే.

'ఈవ్ టీజింగ్' అనే మాట చూడండి. టీజ్ చేయడం అంటే ఆటపట్టించడం. 'ఆకతాయి' అనే మాట చూడండి. పక్కింటి జామచెట్టెక్కి కాయలు దొంగిలించే పిల్లాడు ఆకతాయి, బస్టాపులో ఆడపిల్ల నడుం గిల్లినవాడూ పేపర్లో ఆకతాయే. ఒక నేరాన్ని అల్లరి అనే బుట్టలో వేసేశాక దానికి మందలింపు సరిపోతుందనే అందరికీ అనిపిస్తుంది. ఇప్పుడు వార్తల్లో 'వేధింపులు' అనే మాట ఎక్కువగా వాడుతున్నారు, ఇది నిజంగా మంచి మార్పు.

ఇంకా లోపలికి వెళితే, తెలుగువాళ్ల మధ్య ఈ వేధింపు ఒక ప్రత్యేకమైన వేషం వేసుకుంటుంది. వరసల వేషం. మన ఇళ్లలో బావామరదళ్ల మధ్య సరసం ఒప్పుకుంటారు, మేనత్త కొడుకు ఏదో అంటాడు, ఆమె తిరిగి నాలుగు అంటుంది, పెద్దవాళ్లు నవ్వుకుంటారు. అక్కడ ఇద్దరికీ ఒకరికొకరు తెలుసు, మాట మితిమీరితే చెవి మెలిపెట్టే అత్తమ్మ పక్కనే ఉంటుంది. చాయ్ బండి దగ్గర నిలబడ్డ కుర్రాడు ముక్కూమొహం తెలియని అమ్మాయిని "ఏం మరదలా" అన్నప్పుడు ఆ చనువుని దొంగతనంగా వాడుకుంటున్నాడు. సరసం అనిపించుకోవడానికి కావాల్సినవన్నీ తీసేసి పిలుపు మాత్రం ఉంచుకున్నాడు. దీనికంటే ఎక్కువగా వినిపించేది "వదినా" అనే కేక. గుంపులో ఒకడికి అమ్మాయి నచ్చిందట, మిగతా నలుగురూ ఆమెను వదినా అని పిలుస్తారు. ఆమెను అడగకుండానే ఆమెకు ఒక మొగుణ్ణి, నలుగురు మరుదుల్ని తగిలించేశారు, అదీ నడిరోడ్డు మీద, అందరూ వింటుండగా. పైగా అందులో బూతు మాట ఒక్కటీ లేదు. ఆమె కోప్పడితే "వదినా అంటే తప్పేంటి, గౌరవంగానే పిలిచాం కదా" అంటారు.

ఆడవాళ్లు దీనికి వేసే ఎదురు మంత్రం 'అన్నా'. బస్సులో "అన్నా, జర జరగండి", ఆటోలో "అన్నా, ఇక్కడ ఆపండి". పలకరింపు మర్యాద మాత్రమే కాదు అది, ఒక హద్దు గీయడం. అన్న అన్నాక ఇంకో రకంగా చూడటానికి వీల్లేదు అనే మన వరస నియమాన్ని గుర్తు చెయ్యడం. చాలాసార్లు పనిచేస్తుంది కూడా. కానీ ఆలోచిస్తే కష్టంగా ఉంటుంది, రోడ్డు మీద కనిపించిన ప్రతి మగవాణ్ణీ చెల్లెలిగా బతిమాలుకుంటే తప్ప ఒక మనిషి ప్రశాంతంగా ఇంటికి చేరలేకపోతే, ఆ మనిషికి తన సొంత గౌరవం అంటూ ఏం మిగిలినట్టు? "నీకు అక్కాచెల్లెళ్లు లేరా?" అనే తిట్టు కూడా ఇదే కోవలోది. మంచి ఉద్దేశంతోనే అంటారు, కానీ ఎవరికీ అక్కా చెల్లీ కాని ఆడమనిషి సంగతేంటనే ప్రశ్నకు అందులో జవాబు లేదు. ట్రాన్స్‌జెండర్ మహిళల్ని రోడ్డు మీద అనే మాటలు, గిచ్చడాలు అందరికీ తెలిసినవే, వాళ్లని అక్క అని పిలిచేవాళ్లు ఎందరు?

బట్టల గురించి వాదించేవాళ్లకి ఈ నగరమే జవాబు. పాతబస్తీలో బురఖా వేసుకున్నవాళ్లకీ, యూనిఫాంలో ఉన్న టెన్త్ పిల్లలకీ, ఉదయాన్నే చీరకట్టులో ఇళ్లలో పనికి వెళ్లే నలభై ఏళ్లవాళ్లకీ ఇదే అనుభవం.

తర్వాతది వెంటపడటం, అంటే 'తిరగడం'. "వాడు రెండేళ్లు ఆ అమ్మాయి చుట్టూ తిరిగాడు" అని మనవాళ్లు చెప్పుకునేటప్పుడు గొంతులో కొంచెం మెచ్చుకోలు ఉంటుంది, ఓపికకి ఇచ్చే మెచ్చుకోలు. హీరో వద్దన్నకొద్దీ వెంటపడి చివరికి ఒప్పించే కథలు మన సినిమాల్లో దశాబ్దాలుగా చూస్తున్నాం. అక్కడ ఆమె కోపం ప్రేమకి మొదటి మెట్టు. ఇక మౌనం అర్ధాంగీకారం అనే సామెత ఉండనే ఉంది. కోప్పడితే మొదటి మెట్టు, మాట్లాడకపోతే సగం ఒప్పుకున్నట్టు, ఆమెకి 'వద్దు' అని చెప్పడానికి ఏ దారీ మిగల్లేదు. చట్టం దీన్ని సరిగ్గా తిరగేసింది. ఇష్టం లేదని ఆమె స్పష్టంగా తెలిపాక కూడా పదేపదే వెంటపడితే, మాట్లాడాలని చూస్తే, అది నేరం. కానీ ఈ 'స్పష్టంగా' అనే మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ నుంచి రోజూ వెనకే వచ్చేవాడికి ముఖం మీద చెప్పడానికి భయం వేస్తుంది, నంబరు బ్లాక్ చేస్తుంది, బస్సు మారుస్తుంది, అరగంట ముందు బయల్దేరుతుంది. నడిచే దారి మార్చుకోవడం కంటే స్పష్టమైన జవాబు ఏముంటుంది? చూడదలచుకున్నవాడికి అది కనిపిస్తుంది.

ఇంట్లో చెప్పరెందుకు అని చాలామంది ఆశ్చర్యపోతారు. చెబితే ఏమవుతుందో వాళ్లకి లెక్క తెలుసు. ఊరి నుంచి వచ్చి అమీర్‌పేటలో కోర్సు నేర్చుకుంటున్న అమ్మాయి ఫోన్లో ఒక్క మాట అంటే చాలు, "ఇక చాలు, వచ్చెయ్" అంటారు. సిటీలోనే ఉండేవాళ్లకయితే ఈవెనింగ్ బ్యాచ్ మానిపిస్తారు, తమ్ముణ్ణి తోడు పంపిస్తారు, సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ప్రేమతోనే చేస్తారు, కాదనలేం. కానీ తప్పు చేసినవాడు మర్నాడు కూడా అదే చాయ్ బండి దగ్గర ఉంటాడు, ఆమె మాత్రం ఆ రోడ్డు మీద ఉండదు. అందుకే నోరు మూసుకుని, తనకు తానే పన్ను కట్టుకుంటుంది. షేర్ ఆటోలో పది రూపాయలకు పోయే దూరానికి క్యాబ్ బుక్ చేస్తుంది. ఎక్కగానే లొకేషన్ షేర్ చేస్తుంది, ఎవరూ లేకపోయినా ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నటిస్తుంది. రాత్రి షిఫ్టు ఉన్న ఉద్యోగాన్ని వదిలేస్తుంది, దగ్గర్లో ఉన్న మామూలు కాలేజీలో చేరుతుంది. ఇవి ఏ పోలీసు రికార్డులోకీ ఎక్కవు. ఒక అమ్మాయికి హైదరాబాద్ అంటే ఎన్ని వీధులు, ఎన్ని గంటలు అని గీసి చూస్తే, అదే వయసు మగపిల్లాడి పటంలో సగం కూడా ఉండదు.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక ఈ పటం కొంత పెరిగింది. టికెట్ డబ్బుల కోసం చేయి చాచక్కర్లేని ప్రయాణం చాలామందికి అదే మొదటిసారి. దానితో పాటు రద్దీ పెరిగింది, రద్దీతో పాటు "ఫ్రీ కదా, అందుకే ఎక్కేస్తున్నారు" అనే దెప్పుళ్లూ మొదలయ్యాయి. ముందు భాగం నిండిపోయి వెనక వైపుకి వచ్చిన ఆడవాళ్లని వేరే వాళ్ల ఇంట్లోకి చొరబడ్డట్టు చూసేవాళ్లున్నారు. మెట్రోలో ఆడవాళ్లకి విడిగా చోటుంది, అది ఎంతో ఊరట, అందులో సందేహం లేదు. కానీ మిగతా బోగీలో ఇబ్బంది పడ్డ అమ్మాయితో "లేడీస్ వైపు వెళ్లొచ్చు కదా" అని ఎవరైనా అంటే, ఆ గీత ఆమెకి రక్షణగా కాకుండా మిగతా రైలంతా ఆమెది కాదనే హద్దుగా మారిపోయినట్టు.

బస్సుల విషయంలో అందరూ మర్చిపోయిన తీర్పు ఒకటుంది. తమిళనాడులో ఒక పోలీసు ఉద్యోగే బస్టాండులో ఒక వివాహితతో అసభ్యంగా ప్రవర్తించిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2012 నవంబరు 30న ఇచ్చిన ఆ తీర్పులో, బస్టాండ్లు, సినిమా హాళ్లు, పార్కుల దగ్గర మఫ్టీలో మహిళా పోలీసులను పెట్టాలని, సీసీ కెమెరాలు పెట్టాలని కోర్టు చెప్పింది. అంతేకాదు, ప్రయాణికుల బస్సులో వేధింపు జరిగి బాధితురాలు చెబితే సిబ్బంది బస్సును దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లాలని, అలా చేయకపోతే పర్మిట్ రద్దయ్యే చర్యలు ఉండాలని కూడా చెప్పింది. దీని గురించి విన్న ప్రయాణికులు ఎంతమంది? డ్రైవర్ సీటు వెనక ఒక్క బోర్డు రాయడానికి పెద్ద ఖర్చు కాదు. "ఈ బస్సులో వేధిస్తే బస్సు స్టేషన్‌కి వెళ్తుంది" అని రాసి ఉంటే, దిగిపోయి తప్పించుకోవచ్చనే అతని లెక్క తప్పుతుంది. కండక్టర్లకి ఇప్పటికే తలకు మించిన పని ఉందన్నది నిజమే, నిండు బస్సులో వెనక్కి వెళ్లి టికెట్లు కొట్టడమే కష్టం. అయినా "ఏయ్, ముందుకొచ్చెయ్ రా తల్లీ" అని కండక్టరమ్మ ఒక్క కేక వేస్తే చాలు, సగం గొడవ అక్కడితో ఆగిపోతుందని రోజూ ప్రయాణించేవాళ్లకి తెలుసు.

మిగతా యాభై మంది సంగతికొస్తే, వాళ్లు చెడ్డవాళ్లని కాదు. చాలామంది నిజంగా ఏం జరిగిందో చూసి ఉండరు, చూసినవాళ్లు పొరపాటు పడ్డామేమో అనుకుంటారు, ఇంకొందరికి పోలీసులు, సాక్ష్యం అంటే టెన్షన్. తీర్పు చెప్పాల్సి వస్తుందనే భయంతో నోరు విప్పరు. లేదంటే మరో చివరకు వెళ్లి అతన్ని పట్టుకుని చితకబాదుతారు, అప్పుడు ఆ అమ్మాయి ఒక పక్కకి నెట్టబడి, తన చుట్టూ జరుగుతున్న మగవాళ్ల కొట్లాటను చూస్తూ ఉండిపోతుంది. రేపటి నుంచి ఆ బస్సెక్కాలంటే ఆమెకే భయం.

నిజానికి తగిలిందా తాకాడా అన్నది అక్కడికక్కడ తేల్చక్కర్లేదు. అది తేల్చడానికి 100కో 112కో ఫోన్ చేసే దారి ఉంది, వీడియోలున్నాయి, కోర్టులున్నాయి. బస్సులో ఉన్నవాళ్లు చెయ్యగలిగింది ఇంకా తేలికైన పని. అతనితో మాట్లాడకుండా ముందు ఆమెతో మాట్లాడటం, "ఏమైందమ్మా, ఇటు వచ్చి నిలబడు" అనడం, సీటులో ఉంటే లేచి ఇవ్వడం, తోడుగా ఆమె స్టాపులో దిగనా అని అడగడం, స్టేషన్‌కి వెళతానంటే నేను చూశానని చెప్పడానికి పేరూ నంబరూ ఇవ్వడం. అతను "రష్‌లో తగిలింది" అంటాడా, అననివ్వండి. పక్కనున్న ఇంకో మగమనిషి గొంతు పెంచకుండా అనాల్సింది ఒక్కటే: "తగులుతోంది కదా తమ్ముడూ, అయితే వెనక్కి జరుగు."